డాక్టరమ్మగారికి అద్దె ఇల్లు

1978 మార్చిలో అమలాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. తొలకరి వానలు పడగానే మేట్రన్‌గారు నాకు వార్డుతో సంబంధం లేని పని అప్పగించారు. జర్మనీ నుంచి కొత్తగా వచ్చిన లేడీ సర్జన్‌గారికి అద్దె ఇల్లు వెతకాలి. ఆమె వెంట వెళ్ళి మాటలు తర్జుమా చేయాలి. నలుగురిలో నోరు విప్పని నన్నే ఎందుకు పంపారంటే, ఇంగ్లీషు నవలలు చదువుతానని హాస్టల్లో ఎవరో చెప్పారట.

ఆసుపత్రి గెస్టురూము కారుతోంది. ఇల్లు దొరక్కపోతే ఆమెను వెనక్కి పిలిపిస్తామని పైనుంచి కబురొచ్చింది. అప్పుడు కష్టమైన కాన్పులన్నీ మళ్ళీ గోదావరి రేవు దాటించి కాకినాడ పంపాల్సిందే.

ముమ్మిడివరం రోడ్డులో వెంకట్రావుగారి మేడ ఆమెకు నచ్చింది. అరుగు మీద ఆమెకు కుర్చీ వేశారు. నేను మెట్టు మీద నిలబడ్డాను. కొబ్బరినీళ్ళు ఆమెకు గ్లాసులో పోసి, నాకు బొండంలోనే ఇచ్చారు. ఆమె ముచ్చటపడి తనకూ బొండమే కావాలన్నారు.

“అయ్యయ్యో, అది మీక్కాదండీ! మీకు గ్లాసేనండి,” అన్నారాయన.

ఆమె నవ్వారు.

అద్దె కుదిరింది. అప్పుడాయన నావైపు చూడకుండా, “ఆయ్, మీరేం వండుకున్నా మాకు అభ్యంతరం లేదండి. ఈ పిల్ల మాత్రం లోపలికి రాకూడదండి. పేటలో పిల్లండి,” అన్నారు.

పేటంటే ఊరి బయట ఉండే మా దళితవాడ. అంతకు నెల కిందటే ఆయన తల్లి మా వార్డులో ఉన్నారు. ఆవిడకు ఒళ్ళు తుడిచింది, జావ తాగించింది నేనే.

తర్జుమాకు డాక్టరుగారూ నేనూ ముందే ఒక నియమం పెట్టుకున్నాం: ఎదుటివాళ్ళు అన్నదాంట్లో ముక్క వదలకూడదు, మన ముక్క కలపకూడదు. ఆ ప్రకారమే నా గురించి ఆయనన్నది నా నోటితోనే ఇంగ్లీషులో చెప్పాను. ‘ఈ పిల్ల’ ఎవరని ఆమె అడిగారు. నేనేనన్నాను.

ఆయన తల్లి మా వార్డులో ఉన్న సంగతి దారిలోనే ఆమెకు చెప్పాను. తల్లికి సేవ చేసిన నర్సును మరిచిపోయారా అని అడగమన్నారు. అడిగాను.

“ఎందుకు మర్చిపోతామండీ! బంగారం లాంటి పిల్లండి. ఆసుపత్రి ఆసుపత్రేనండి, ఇల్లు ఇల్లేనండి,” అన్నారు, అంతే మర్యాదగా.

అర్ధరాత్రి కేసు వస్తే డాక్టరును లేపడానికి వచ్చేది డ్యూటీ నర్సే. ఆ సంగతీ ఆమె చెప్పమంటే చెప్పాను. గేటు బయట నించుని కేకేస్తే చాలన్నారాయన.

“ఈ ఇల్లు మనకు పనికిరాదు,” అని ఆమె అడగకుండానే ఇంగ్లీషులో అన్నాను. తర్జుమాలో నా సొంత మాట కలపడం అదే మొదలు. ఆమె గ్లాసు కింద పెట్టి లేచారు.

పది రోజుల తర్వాత మా పేటలోనే ఒక మేస్టారు తన పెంకుటింట్లో రెండు గదులు ఇచ్చారు. సర్జన్‌గారు కోనసీమలో ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉన్నారు.

తర్వాత నర్సింగ్ సూపరింటెండెంటుగా ఆడపిల్లలను ఊళ్ళకు పోస్టింగు వేసినప్పుడల్లా, ఇల్లుగలవాళ్ళను ముందుగా ఒకటే అడిగేదాన్ని: ఈ అమ్మాయి మీ వంటింటి దాకా రావచ్చా? గదులు, నుయ్యి, అద్దె ఆ తర్వాతే. మర్యాదగా మాట్లాడినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అడిగి తెలుసుకోవాలి.