మాస్టారింటి మాట

మా పక్క క్లాసు మాస్టారికి ఒకటే జబ్బు. ఆయన నోటికి ‘నువ్వు’ అనే మాట రాదు. పాలపళ్లు ఊడని పిల్లలైనా, బల్లకింద దూరి చాక్‌పీసు తినే పిల్లలైనా ఆయనకు అందరూ ‘మీరు’, అందరూ ‘అండీ’. అందుకే ఊరంతా ఆయన్ని అండీ మాస్టారనే పిలిచేది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు మాత్రమే గుర్తుండేది.

ఆయన మూడో తరగతికీ నా నాలుగో తరగతికీ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ చెక్క ఉంది. నేను ఇటు భాగహారాలు చెబుతుంటే అటునుంచి ఆయన గొంతు వినబడేది.

“పక్కవారి చెవి వదిలిపెట్టండి. వారికి ఆ చెవితో ఇంకా పనుంది.”

“ముక్కు తుడుచుకోండి. చొక్కాతో కాదండీ, రుమాలుతో. అయ్యో, అది నా రుమాలండీ! సరే, ఎలాగూ అయిపోయింది, కానివ్వండి.”

అందరికీ కోపం వస్తే మర్యాద తగ్గుతుంది. ఈయనకు పెరిగేది. బాగా ముదిరితే ‘తమరు’లోకి దిగేవారు. “తమరు దయచేసి కిటికీ దిగితే పాఠం మొదలుపెట్టుకుంటాను” అని చెక్క అవతల వినబడిందంటే, ఇవతల నా పిల్లలు కూడా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు.

ఈ జబ్బు అంటువ్యాధి కూడా. ఇంటర్వెల్లో మూడో తరగతి వాళ్ల పోట్లాట వినాలి.

“మీరు నా పెన్సిలు కొట్టేశారండీ!”

“అబద్ధాలాడారంటే మీ పళ్లు రాలగొడతానండీ!”

“రాలగొట్టండి చూద్దాం! ముందు రెండూ ఎలాగూ ఊడిపోయాయి!”

ఒకరోజు ఒక తల్లి గొడవకొచ్చింది. “మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను, కాస్త తగ్గించండి. మా అమ్మాయి నిన్న నాతో ‘మీరు టీవీ కట్టేస్తారా, నేను చదువుకోవాలి’ అంది. అది విని మా అత్తగారు, నీ కూతురికున్న మర్యాద నీకేదీ అని రాత్రంతా నన్ను సాధించారు!”

“తప్పకుండా వారితో మాట్లాడతానండీ” అన్నారు మాస్టారు.

“ఎవరితో, మా అత్తగారితోనా?”

“మీ అమ్మాయిగారితోనండీ.”

ఆవిడ నెత్తి కొట్టుకుంటూ వెళ్లిపోయింది. మా స్టాఫ్‌రూములో దీనిమీద తెగని చర్చ. పూర్వం బట్టల కొట్లో పనిచేసుంటాడని డ్రిల్లు మాస్టారు, ఇంట్లో భార్యకు భయపడి భయపడి నాలుక అలా వంగిపోయిందని డ్రాయింగు టీచరు. లెక్కల మనిషిని కాబట్టి నాకు ఊహలు తక్కువ. పుట్టుకతోనే నాలుక మడతపడి ఉంటుందని తేల్చేశాను.

మా బడిలో పిల్లలు ఒక చోటివాళ్లు కారు. పని ఎక్కడుంటే అక్కడికి ఇల్లు మోసుకుని తిరిగేవాళ్ల పిల్లలే ఎక్కువ. గంట కొట్టి బయటికి వదిలితే ఎన్ని భాషలు వినబడతాయో చెప్పలేం. ‘బడిలో బడి భాషే’ అని మా హెడ్‌మిస్ట్రెస్ పెద్ద మేడం వరండాలో బోర్డు పెట్టించారు. అండీ మాస్టారు మాత్రం క్లాసులో ప్రతి వస్తువూ పట్టుకుని, “మీ ఇంట్లో దీన్నేమంటారండీ?” అని ఒక్కొక్కరినీ అడిగేవారు. అడిగి ఊరుకోకుండా తనూ పలికేవారు, అదీ తప్పుగా. ఒకసారి గొడుగు అనుకుని ఆయన పలికిన మాటకు ఆ పిల్లల భాషలో మేక అని అర్థమట. “వానొస్తోందండీ, మేకని తెరవండి” అనేసరికి ఇంట్లో ఏ భాషవాళ్లైనా సరే, పిల్లలంతా ఒకేలా దొర్లి దొర్లి నవ్వారు.

ఆ క్లాసుకు ఆ ఏడు బొంగరం వచ్చింది. ఒకచోట నిలవదని పిల్లలు పెట్టిన పేరు అది. వాళ్ల నాన్న ఇళ్లకు టైల్స్ వేసే మేస్త్రీ. ఒక భవనం పూర్తయితే ఇంకో భవనానికి, ఒక ఊరైతే ఇంకో ఊరికి. పిల్లకు ఎనిమిదేళ్లకే ఇది మూడో బడి. మన భాష గబగబా మాట్లాడేది గానీ అది ఇసుక కుప్పల దగ్గరా కిరాణా కొట్ల దగ్గరా ఏరుకున్న భాష.

గొడవ బాలల హక్కుల సభ రోజున వచ్చింది. బడి కమిటీ ప్రెసిడెంటుగారు ఉపన్యాసానికి లేచారు. ఆయన మనిషి కాస్త వెడల్పు. మైకు పట్టుకుని వేదిక అంచున నిలబడేసరికి వెనకాల పాటకు సిద్ధంగా నిలబడ్డ ఒకటో తరగతి మొత్తం మాయమైపోయింది.

“పిల్లలు నిర్భయంగా మాట్లాడాలి!” అన్నారాయన. “మనసులో మాట పైకి చెప్పాలి! శిక్షించే ముందు పెద్దలు పిల్లల మాట వినాలి! అది వాళ్ల హక్కు!”

నా పక్కన చాప మీదున్న బొంగరం లేచి నిలబడింది.

“నువ్వు కొంచెం పక్కకి జరుగు. మా తమ్ముడు కనబడట్లేదు.”

మైకు కుయ్యిమంది. ప్రెసిడెంటుగారు పక్కకు జరగలేదు, వేదికే దిగిపోయారు.

అరగంట తర్వాత పెద్ద మేడం గదిలో అందరం ఉన్నాం. పిల్ల పక్కన కూర్చున్నాను కాబట్టి నన్నూ పిలిపించారు. వాళ్ల నాన్నను పనిలోంచి లాక్కొచ్చారు. వేళ్ల సందుల్లో తెల్ల సిమెంటు ఇంకా ఆరలేదు. తలుపు దగ్గర నిలబడిపోయాడు.

“ఏమయ్యా, పిల్లకి నువ్వు నేర్పింది ఇదేనా?” అన్నారు పెద్ద మేడం. “టీసీ ఇచ్చేస్తున్నా, తీసుకుపో.”

అండీ మాస్టారు మూలనున్న కుర్చీ లాక్కొచ్చి, “కూర్చోండి సార్” అన్నారు అతనితో. అతను కుర్చీని చూశాడు గానీ కూర్చోలేదు.

“ఇక్కడ ఇంకో బడి లేదు మేడం” అన్నాడు మాటలు వెతుక్కుంటూ. “బడి లేకపోతే నాతో పనికాడికే రావాలి. అక్కడ రోజంతా ఇటుకల మధ్య కూర్చోవాలి.”

పెద్ద మేడం రాతిమనిషేం కాదు. కానీ ఎదురుగా ప్రెసిడెంటుగారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు.

“వారినొకసారి అడుగుదామండీ” అన్నారు అండీ మాస్టారు.

“ప్రెసిడెంటుగారు చెప్పారు కదా.”

“వారు కాదండీ, వీరు.” బొంగరాన్ని చూపించారు.

“ఇంత పిల్లనా? ఏమని?”

“ఎందుకలా అన్నారో చెప్పమనండీ. శిక్షించే ముందు పిల్లల మాట వినాలని ఇందాక ప్రెసిడెంటుగారే సెలవిచ్చారు కదా. చాలా బాగా చెప్పారు.”

ప్రెసిడెంటుగారు దగ్గారు. “అన్నాను, అన్నాను” అన్నారు ఇబ్బందిగా.

పెద్ద మేడం పిల్ల వైపు తిరిగారు. “నువ్వెవరితో మాట్లాడావో తెలుసా?”

“తెలుసు. ప్రెసిడెంటు. నువ్వే చెప్పావు కదా.”

పెద్ద మేడం కళ్లు మూసుకుని తెరిచారు. “చూశారా! పెద్దవాళ్లని ‘మీరు’ అనాలని తెలీదూ?”

“మీరు అంటే చాలామంది” అంది బొంగరం ఓపిగ్గా, మేడంకు పాఠం చెబుతున్నట్టు. “ఆయన ఒక్కడే కదా జరగాలి.”

“లెక్క ప్రకారం తప్పులేదు మేడం” అన్నాను. అలవాటు కొద్దీ నోరు జారాను. పెద్ద మేడం చూసిన చూపుకు గోడకు అతుక్కుపోయాను.

“మరి ఈ మాస్టారు కూడా ఒక్కరే. ఆయన్ని మీరంటావే?”

“అది మాస్టారి ఇంటి మాట” అంది పిల్ల. “ఒక్కో ఇంట్లో ఒక్కో మాట ఉంటుంది కదా. మాస్టారింట్లో ఒక్కళ్లని కూడా చాలామందిలా లెక్కపెడతారు. నన్ను కూడా.”

“మేమంతా ఒకరితో ఒకరం మీరనే అనుకుంటాం. ఎప్పుడూ వినలేదా?”

“విన్నా. నువ్వూ, మాస్టారూ, ఈ లెక్కల టీచరూ అందరూ ఒకే ఇంటివాళ్లనుకున్నా.”

డెబ్భై కిలోల బరువుతో నేను నేలలోకి దూరిపోవాలని చూశాను. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే పిల్ల ఇంకా ఆపలేదు.

“నన్ను ఎవరు ఏ మాట అంటే, నేనూ వాళ్లని అదే అంటా. అమ్మ అలాగే ఉండమంది. మా నాన్న ఒక్కడు, అందుకే అందరూ నాన్నని నువ్వంటారు. ఇప్పుడు నువ్వు కూడా అన్నావు.”

పెద్ద మేడం తలుపు వైపు చూశారు. ఆ మేస్త్రీ ఇంకా నిలబడే ఉన్నాడు, పక్కనే ఖాళీ కుర్చీ. ఆవిడ ముఖం మెల్లగా ఎర్రబడింది. అప్పుడు ఆవిడ మీద నాకు నిజంగా గౌరవం కలిగింది, ఎందుకంటే ఆవిడ బుకాయించలేదు.

“కూర్చోండి” అన్నారు అతనితో. “మీరు కూర్చోండి. టీసీ లేదు, ఏమీ లేదు.”

ప్రెసిడెంటుగారు ఏదో అనబోయి, తన ఉపన్యాసమే గుర్తొచ్చిందో ఏమో, మంచినీళ్లు తాగారు.

పెద్ద మేడం పిల్ల వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. “నువ్... మీ... మీరు క్లాసుకి వెళ్లు... వెళ్లండి.”

బొంగరం మొహం వెలిగిపోయింది. “అలాగేనండీ మేడం గారూ! మీరు కూడా మాస్టారి దగ్గరే నేర్చుకున్నారాండీ?” అని గిర్రున తిరిగి పరుగెత్తింది.

బయట వరండాలో మాస్టారితో కలిసి నడుస్తున్నాను. ఆయన ఫోను మోగింది.

“ఒరేయ్ గాడిదా! నేనొచ్చేదాకా స్టేషన్లోంచి కదలొద్దని నీకెన్నిసార్లు చెప్పాన్రా! నువ్వసలు మనిషివేనా?”

నేను ఆగిపోయాను. అటూ ఇటూ చూశాను. అక్కడ ఇంకెవరూ లేరు.

“మాస్టారూ, ఇప్పుడు మాట్లాడింది మీరేనా?”

ఆయన సిగ్గుపడిపోయారు. “మా తమ్ముడండీ. ఊరినుంచి వచ్చాడు.”

“అంటే మీ నాలుకకి ‘నువ్వు’ వచ్చన్నమాట! మరి పిల్లల దగ్గర ఇన్నేళ్లూ ఈ నాటకమేమిటి?”

“నాటకం కాదండీ, పాఠం.” ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. “వీళ్ల ఇళ్లల్లో మన భాష లేదు. వీధిలో వినేది కేకలు, పని దగ్గర వినేది తిట్లు. ఇక మర్యాద మాట వాళ్ల చెవిలో ఎవరు వేస్తారు? మనం వెయ్యం. వెయ్యకుండానే, మర్యాద తెలీదని బయటికి గెంటుతాం. అందుకని నేను వెయ్యడం మొదలుపెట్టాను. కొందరికి మీరు, కొందరికి నువ్వు అంటే బావుండదు కదా, అందరికీ కలిపి వేసేశాను.”

“కష్టంగా ఉండదూ?”

“ప్రాణం పోతుందండీ! రోజూ ఎన్నిసార్లు గొంతుదాకా ‘ఒరేయ్’ వస్తుందో. గట్టిగా మింగేస్తాను. అప్పుడే ‘తమరు’ బయటికొస్తుంది.”

నవ్వుకుంటూనే నా క్లాసుకు వచ్చాను. గది సంతలా ఉంది. ఒకతి కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతోంది. ‘ఒసేయ్’ అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. మింగాను. మాస్టారు చెప్పింది నిజమే, ప్రాణం పోయినంత పనైంది.

“ఏమండీ, మీరు కిందికి దిగుతారా?” అన్నాను.

క్లాసంతా చప్పున ఆగింది. ఆ పిల్ల చువ్వలు వదలకుండానే కిటికీలోంచి బయటికి తొంగి చూసింది, అటు చూసింది, ఇటు చూసింది. బయట ఎవరూ లేరు. మెల్లగా నా వైపు తిరిగింది.

“ఎవర్నండీ టీచర్?”

“మిమ్మల్నేనండీ” అన్నాను.