తప్పు స్పీడులో విన్న రికార్డు

పాత మిక్సీ జార్ మార్పించుకుందామని మద్దిలపాలెంలో ఒక పెద్ద షాపుకి వెళ్ళాను. రికార్డు ప్లేయర్ల మోజు మళ్ళీ మొదలైంది కదా, అక్కడ కూడా నాలుగైదు పెట్టారు. ఒకదాని మీద నల్లటి రికార్డు తిరుగుతోంది. పియానో నాలుగు సార్లు మోగేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ పాట నాకు తెలుసు. గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కడ ఎక్కుతాయో, గిటారు ఎక్కడ అడ్డం తిరుగుతుందో కూడా తెలుసు. కానీ నా చెవికి పాట పరుగెడుతోంది, ఎవరో తరుముతున్నట్టు. సేల్స్‌మన్ దగ్గరికొచ్చి, "బ్రిటిష్ రాక్ బ్యాండ్ మేడం, పాత క్లాసిక్. భక్తి పాటలు కావాలంటే అటువైపు ఉన్నాయి" అన్నాడు. యాభై దాటిన ఆడది, చేతిలో మిక్సీ జారు, ఇంకేం వింటుందని అతని లెక్క. "రికార్డు ఈ వైపు పూర్తయ్యేదాకా ఇక్కడే నిలబడతాను" అన్నాను.

నాకు ఈ ఆల్బం వినడం నేర్పిన మనిషికి ఇంగ్లీషు రాదు. ఆయన సన్యాసిరావు గారు, మా ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టులు చూసే ఫోర్‌మన్. వయసులో ఉండగా పోర్టులో పనిచేసినప్పుడు, ఓడ మీద సరుకులెత్తే వించి బాగుచేసి పెట్టినందుకు ఒక నావికుడు ఆయన చేతిలో ఈ రికార్డు పెట్టాడట. అట్ట అప్పటికే చిరిగిపోయింది. సింహాద్రి అప్పన్న క్యాలెండర్ చించి దానికి కొత్త తొడుగు అతికించారు. మల్కాపురంలో వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు ఆ తొడుగు చూసి, దేవుడి పాటలనుకుని చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని కూర్చునేవారు. తీరా డ్రమ్ములు మొదలయ్యాక లేవడానికి మొహమాటపడేవారు.

ఆ విభాగంలో స్పానర్ పట్టిన మొదటి ఆడదాన్ని నేను. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ గూడు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వినడం మా పని. చేరిన మూడో నెలలో, ఒక గేర్‌బాక్స్ చప్పుడు తేడాగా ఉందని బెల్టు ఆపించాను. విప్పి చూస్తే లోపల తేడా ఏమీ లేదు. మెమో ఇచ్చారు. తన గాజుల చప్పుడే విని బెల్టు ఆపేసిందని క్యాంటీన్‌లో వారం రోజులు నవ్వుకున్నారు. సన్యాసిరావు గారు మాత్రం నవ్వలేదు.

"ఏటి ఇన్నావు దుర్గమ్మా?" అని అడిగారు.

"చప్పుడు బాగోలేదనిపించిందండి."

"బాగోలేదంటే ఏటి? అది నీ భయం గురించి సెప్తన్నావు. సప్పుడు గురించి సెప్పు."

స్పానర్ తుడిచి పెట్టెలో పెట్టాను. "ఆదివారం మా ఇంటికి రా" అన్నారు.

వెళ్ళాను. ఆయన భార్య టీ ఇచ్చి, జాలిగా నవ్వి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆ రికార్డుకి రెండే నియమాలు. మధ్యలో ముల్లు ఎత్తకూడదు. అయిపోయాక బాగుంది అనకూడదు, ఏం విన్నామో చెప్పాలి. మొదటిసారి అలవాటుగా బాగుందండి అన్నాను. ఆయన ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టారు. అలా మూడుసార్లయ్యాక నాకు ఒళ్ళు మండింది. "పైనోడి పాట అందరికీ ఇనిపిస్తాది. కింద నడిసేవోడిని పట్టుకో" అన్నారు. నాలుగోసారికి దొరికాడు. మూడో పాటలో, అన్ని గొంతుల కింద, బేస్ గిటారు వాడొక్కడే ఇల్లంతా మోస్తున్నాడు. ఒక చోట ఉన్నట్టుండి ఆగిపోతాడు. ఆగిన ఆ క్షణంలో పైనున్న పాటంతా కాలు జారినట్టవుతుంది.

అలా ఏడాది పొడుగునా ఆదివారాలు విన్నాం. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, ఇదీ నాకు తెలిసిన పాట. ఇందులో పల్లవి వెళ్ళిపోతుంది, ఆ పాటలోకి తిరిగి రాదు. పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండదు, ఒకటి పూర్తికాకముందే రెండోది దాని కొంగు పట్టుకుని బయల్దేరుతుంది. మొదటి పాటలో పోయిన పల్లవి చివరి పాటలో వేరే బట్టలు కట్టుకుని వస్తుంది. దాన్ని నా అంతట నేను గుర్తుపట్టిన రోజు నాకు ఏడుపొచ్చింది. పక్కింటాయన ఒకసారి గోడ మీద నుంచి, "ఒక్క ముక్క అర్థం కాదు, నీకెందుకు బావా ఈ ఇంగ్లీషు గోల?" అన్నాడు. "గుడి మైకులో సంస్కృతం రోజూ ఇంతన్నావు కదా బావా, ముక్కముక్కా అర్థమయ్యే ఇంతన్నావా?" అన్నారు సన్యాసిరావు గారు.

మా షిఫ్ట్ ఇంజనీర్ మూర్తి గారు ఈ సంగతి విని ఒక ఆదివారం చూడటానికి వచ్చారు. ఆయన కాలేజీ రోజుల నుంచి ఇలాంటి సంగీతం విన్న మనిషి. రెండు నిమిషాలు విని పకపకా నవ్వారు. "మీ మిషన్ స్లోగా తిరుగుతోందండీ. ఇన్నేళ్ళూ మీరు విన్నదంతా తప్పు" అన్నారు. సన్యాసిరావు గారు వెంటనే మిషన్ విప్పారు. ఏళ్ళ క్రితం, రికార్డుని తిప్పే మోటారు పుల్లీ అరిగిపోతే లేత్ మీద కొత్తది తనే చేసుకున్నారు. కానీ కొలత ఆ అరిగిన పుల్లీ నుంచే తీశారు. కొత్తది కూడా అరిగినంత సన్నగానే తయారైంది. ఊరందరి యంత్రాల చప్పుడు పట్టే మనిషి తన ఇంట్లో యంత్రం సంగతి పట్టలేకపోయారు.

వాదించలేదు. మరుసటి ఆదివారానికి సరైన కొలతతో ఇంకో పుల్లీ చేసి బిగించి, మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ఆ వైపంతా కళ్ళు మూసుకుని విన్నారు. "ఆఖరి పాటలో నాలుగు గొంతులనుకునేవోణ్ణి, ఐదున్నాయి. అది నా తప్పే" అన్నారు. తర్వాత మూర్తి గారి వైపు తిరిగి, "మూడో పాటలో బేసోడు ఆగతాడు కదా బాబూ, ఎందుకాగాడో నువ్వు సెప్పు" అన్నారు. మూర్తి గారికి ఆ ఆగడమే తెలియదు. "అయితే నా స్పీడు తప్పు బాబూ. నాను ఇనడం తప్పు కాదు."

రెండు నెలల తర్వాత, నాకు మెమో తెచ్చిన అదే గేర్‌బాక్స్ దగ్గర నా స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఇంకో మెమో పడితే స్టోర్స్‌కి పంపేస్తామని ముందే చెప్పి ఉన్నారు. స్టోర్స్‌కి వెళ్తే ఇక ఈ జన్మలో స్పానర్ పట్టను. మూర్తి గారు అదురు కొలిచే మీటర్ పెట్టి చూసి, అంతా సవ్యంగా ఉందన్నారు. సన్యాసిరావు గారు పక్కనే ఉన్నారు, సాయానికి రాలేదు. "ఏటి ఇన్నావు?" అన్నారంతే. మళ్ళీ చెవి పెట్టాను. "గేరు పళ్ళ మోత బాగానే ఉందండి. దాని కింద మూడు చుట్లకోసారి చిన్న టిక్కు ఉంది. లోడు పడితే గట్టిగా వినిపిస్తోంది. బెల్టు ఆపుతున్నాను, మెమో రాసుకోండి" అన్నాను. ఆపాను. విప్పితే బేరింగ్ లోపలి రింగు వెంట్రుక వెడల్పున పగిలి ఉంది. మూర్తి గారు చాలాసేపు దాన్ని చేతిలో తిప్పి చూశారు. సన్యాసిరావు గారు శభాష్ అనలేదు. రిటైరైన రోజున ఆ సన్నటి పుల్లీ తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆయన పోయి రెండేళ్ళయింది. పుల్లీ నా తాళాల గుత్తికి వేలాడుతోంది. షాపులో ఆ వైపు పూర్తయ్యేదాకా దాన్ని గుప్పిట్లో పట్టుకునే నిలబడ్డాను. ముల్లు లేచింది.

"బాగుంది కదా మేడం?" అన్నాడు సేల్స్‌మన్.

"మూడో పాటలో కింద ఒకడు ఆగాడు. విన్నారా?"

"లేదు మేడం."

"అయితే మళ్ళీ మొదట్నుంచి పెట్టండి" అన్నాను.