బజ్జీల పగ

మా ఇంటి దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

పద్నాలుగేళ్ల కిందట నేను ఆదోని పత్తి మార్కెట్లో గుమాస్తాను. ఎమ్మిగనూరులో కుట్టుషాపు నడిపే తన బంధువు లలితను పరిచయం చేస్తానని మిత్రుడు ఈరన్న నన్ను హోటల్‌కు పిలిచాడు. "మిరపకాయ బజ్జీ తిని నీళ్లు తాగే మగోన్ని ఆయమ్మ కన్నెత్తి కూడా సూడదప్పా" అని ముందే చెవిలో ఊదాడు.

నమ్మాను. బొరుగుల ఉగ్గానితో ఏడు బజ్జీలు నమిలాను. ఎనిమిదోదానికి కన్నీళ్లూ చీమిడీ ఏకమై చొక్కా మీదికి కారాయి. హోటలంతా నా వైపే చూసింది.

"ఏమప్పా, ఇంట్లో ఎవరన్నా పోయినారా?" అంది ఎదురుగా కూర్చున్న లలిత బెదిరిపోయి.

ఈరన్న పగలబడి నవ్వుతున్నాడు. సంగతి చెప్పాను. లలిత తన గ్లాసు నా వైపు జరిపింది. "తాగు. ఈన్ని ఇడిసిపెట్టొద్దు. ఇద్దరం కలిసి ఏడిపిద్దాం."

అక్కడే నేను పడిపోయాను. పగ ఎలా తీర్చుకోవాలో మాట్లాడుకోవడానికే ఆరు నెలలు ప్రతి ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాను. చివరికి మా పెళ్లిలో, గింజ తీయని కాయలతో బజ్జీలు వేయించి ఈరన్న విస్తట్లో వడ్డించాం. వాడు పందిట్లో వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ ఏడుపు మాత్రం నా కల్పన. నిజానికి వాడు తొమ్మిది తిని, "ఇంకా ఉండాయా అప్పా?" అన్నాడు.

సంపాదకులకు మనవి: చోటు చాలకపోతే ఈ చివరి నాలుగు ముక్కలూ తీసేయండి.