గ్లాసులో ఒక్క పిన్ను

కచ్ ఉప్పు మైదానం అంచున ఉన్న మా సరిహద్దు పోస్టుకు మిట్టమధ్యాహ్నం చేరాను. నీడ లేదు. బూటు పడితే తెల్లటి నేల పెళపెళమంది. మట్టి రన్‌వే, రెండు బంకర్లు, ఒక రేడియో సెట్. రన్‌వే పక్కన రెండు సీట్ల చిన్న విమానం. సర్వే పనికి వచ్చిన ఒక ప్రైవేటు మనిషిది. నడిపేదీ ఆయనే.

“దాని చక్రాలను ఉప్పు తినేస్తోంది. ఆయనకు సాయంగా ఉండు” అన్నారు కమాండర్. నేను మోటారు మెకానిక్‌ని.

చక్రం విప్పాలి. పాత రంగు గీకాలి. ఉప్పు చేసిన గుంటలు నునుపు చేసి ప్రైమర్, రంగు పూయాలి. బేరింగులకు గ్రీజు పెట్టాలి. వారం తిరక్కుండా మళ్లీ ఉప్పు పట్టేది.

ఆ చక్రం రెండు చిప్పలు. వాటిని కలిపి పట్టేవి మూడు బోల్టులు. టైరులో గాలి ఉండగా విప్పితే చిప్పలు ఎగిరి మనిషిని కొడతాయి. అందుకే మా పద్ధతి ఒకటుంది. గాలి తీశాక వాల్వు పిన్నును స్టీలు గ్లాసులో వేయాలి. గ్లాసులో పిన్ను లేనిదే పానా ముట్టకూడదు.

నాకు తోడు రేడియో ఆపరేటర్. నాది జహీరాబాద్, అతనిది పక్కనున్న చిరాగ్‌పల్లి. ప్రతి బోల్టూ లెక్కపెడతానని నాకు లెక్కలన్న అని పేరు పెట్టాడు.

“లెక్కలన్నా, నువ్వు గిట్లనే గీక్కుంట పోతే చక్రం గాయబ్ అయితది, రంగే మిగుల్తది” అనేవాడు.

ఒక ఉదయం అతనికి కబురొచ్చింది. హైవే మీద లారీ గుద్ది తమ్ముడు జహీరాబాద్ దవాఖానలో ఉన్నాడు. కమాండర్ సెలవిచ్చారు. రోడ్డు దారి చాలా దూరం. రైలు దొరికే ఊరి దాకా పైలట్ తన రెండో సీటు ఇస్తానన్నాడు.

“కానీ బేరింగులు కరకరలాడుతున్నాయి. చీకటి పడేలోగా చక్రాలు బిగిస్తేనే” అన్నాడు.

ఇద్దరం పనిలోకి దిగాం. ఎడమ చక్రం ఊడదీసి గాలి తీశాం, పిన్ను గ్లాసులో వేశాం. కుడిది ఊడదీశామో లేదో ఇసుక గాలి లేచింది. రెండు చక్రాలనూ దొర్లించుకుంటూ బంకర్‌లో పడ్డాం. ఒంటి నిండా ఉప్పు. చక్రాలు రెండూ ఒకేలా ఉన్నాయి.

నేను బేరింగులు కడుగుతున్నాను. అతను గ్లాసులోకి చూశాడు. పిన్ను ఉంది. దగ్గరున్న చక్రం లాక్కున్నాడు. ఒక బోల్టు తీశాడు. రెండోదీ తీశాడు. నేను తలెత్తేసరికి చిప్పల మధ్య వెంట్రుక మందాన నల్లటి గీత కనిపించింది.

“చెయ్యి తియ్యి!”

“ఏమైందన్నా? పిన్ను ఉంది గద!”

“చక్రాలు రెండు. పిన్ను ఒక్కటే.”

అతను కదల్లేదు. నేను పక్కనుంచి చేయి చాపి వాల్వు నొక్కాను. గాలి బుస్సుమంటూ పోయింది.

గాలి ఒత్తిడంతా ఒక్కటే మోసిన మూడో బోల్టు సాగిపోయింది. వేరే బోల్టు లేదు.

“జర అదే బిగియ్యన్నా. ఒక్కపారి దిగితె సాలు. వాడు నా కోసం సూస్తుంటడు.”

నేను బిగించలేదు. పైలట్ కూడా వద్దన్నాడు. అతను పానాను గోడకేసి కొట్టి వెళ్లిపోయాడు. మర్నాడు లారీలో బయల్దేరాడు. అతను చేరేసరికి తమ్ముడు లేడు.

నా సర్వీసు ముగిశాక జహీరాబాద్ బస్టాండులో దిగాను. నా ట్రంకు పెట్టె అందుకోవడానికి అతనే వచ్చాడు.

“మస్తు బరువున్నది. లెక్కలన్నీ గీ పెట్టెలనే పెట్టినవా ఏంది?”

నవ్వాడు, నవ్వాను. తమ్ముడి మాట ఇద్దరం ఎత్తలేదు. పెట్టె పిడి చుట్టూ అతని వేళ్లు చూశాను. అన్నీ ఉన్నాయి. మా మధ్య మాత్రం ఆ నల్లటి గీత, ఇంకా విడిపోకుండా, ఇంకా మూసుకోకుండా.