మా కాలేజీ జట్టు, నా తాగుడు, దేవుని కనికరం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌ని, పేరు అప్పన్న. తాగుడులో మునిగి ఒక కుర్రాడి ఆటను పాడుచేసినవాణ్ణి. ఆ సంగతి దాచకుండా చెప్పాలని ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

నేను చేరిన మొదటి సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో ఓడిపోయాం. ఇంటికి వెళ్లే దారిలో కారు ఆపి రెండు బీర్లు తాగాను, అలా మొదలైంది, తరువాత ఓడినా తాగాను, గెలిచినా తాగాను, చివరికి ప్రాక్టీసుకు ముందే తాగి నోట్లో యాలకులు వేసుకుని మైదానానికి వెళ్లే స్థితికి వచ్చాను. నా భార్య మరియమ్మ ఆదివారాలు ఒక్కతే మందిరానికి వెళ్లేది.

రెండో సీజన్‌లో సుంగై సుమున్ అనే తెలుగువాళ్ల ఊరి నుంచి గణేశ్ అనే డిఫెండర్ వచ్చాడు, అంత చక్కగా ఆటను చదివే కుర్రాణ్ణి నేను చూడలేదు. సెమీ ఫైనల్‌లో అతని మోకాలు మెలిపడింది. ఫైనల్‌కు ముందు నొప్పిగా ఉందని చెప్పాడు. ఇప్పుడు కూర్చుంటే వచ్చే ఏడు కూడా కూర్చుంటావని బెదిరించాను. కట్టు కట్టుకుని ఆడాడు. ఒక గోల్‌తో గెలిచాం, కానీ ఆట ముగియడానికి ఐదు నిమిషాల ముందు అతను కిందపడి మళ్లీ లేవలేదు. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఇక ఫుట్‌బాల్ ఆడకూడదన్నారు. గణేశ్ కాలేజీ మానేసి ఇంటికి వెళ్లిపోయాడు. నేను ఒక్కసారి కూడా చూడడానికి వెళ్లలేదు!

మూడో సీజన్‌లో మ్యాచ్ జరుగుతుండగా మైదానం అంచు గీత పక్కనే తూలి పడ్డాను, నా ఆటగాళ్లే నన్ను మోసుకెళ్లారు, కాలేజీ నన్ను పక్కనబెట్టింది. ఆ ఆదివారం మరియమ్మ వెంట మందిరానికి వెళ్లి మోకాళ్ల మీద పడ్డాను.

“ప్రభువా, తాగుడు మానిపించమని అడగడానికి వచ్చాను, కానీ కళ్లు మూస్తే ఆ పిల్లాడే కనబడుతున్నాడు. నన్ను క్షమించు, వాడి ముఖం చూసే ధైర్యం ఇవ్వు.”

సహోదరులారా, దేవుడు నన్ను విడిపించాడు, కానీ అది ఒక్క పూటలో జరగలేదు. రోజుల తరబడి చేతులు వణికాయి, ఆసుపత్రిలో మందులిచ్చారు, సంఘపు పెద్దలు రోజూ వంతులవారీగా వచ్చి నా పక్కన కూర్చుని ప్రార్థించారు. కాస్త కుదుటపడ్డాక సుంగై సుమున్‌కు బయలుదేరాను.

గణేశ్ తల్లి పైడమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

“కప్పు మీకొచ్చినాది మాస్టారూ, నా కొడుక్కి ఏటొచ్చినాది?” అంది.

“తప్పు నాదేనమ్మా. నొప్పని ఆడు సెప్పినాడు, నేను ఇన్నేదు” అన్నాను.

లోపలి నుంచి గణేశ్ కుంటుకుంటూ వచ్చి, తల్లి పక్కన నిలబడి, “కూకోండి లా మాస్టారూ” అని తన ఊరి యాసలో అన్నాడు. క్షమించానని ఆ రోజు అనలేదు, నేనూ అడగలేదు. ఆ తరువాత ప్రతి శనివారం వెళ్లి అతణ్ణి కారులో కాలి వ్యాయామాలకు తీసుకెళ్లాను. దారిలో మేం మాట్లాడుకున్నదంతా ఫుట్‌బాలే. కొన్ని నెలలకు పైడమ్మ నాకూ కలిపి అన్నం వండడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి గణేశ్ మళ్లీ కాలేజీలో చేరాడు. తాగనని రాసిచ్చాక నన్నూ తిరిగి తీసుకున్నారు. ఇప్పుడు మా డిఫెండర్లకు ఆట నేర్పేది గణేశే.

మొన్నటి సీజన్ సెమీ ఫైనల్‌లో స్కోరు సమంగా ఉండగా మా ముఖ్యమైన ఆటగాడు తొడ పట్టేసిందన్నాడు, వెంటనే బయటికి పిలిచాను, చివరి నిమిషంలో గోల్ పడి ఓడిపోయాం. నాకు బాధ కలిగింది, తాగాలని మాత్రం అనిపించలేదు, ఇంటికి వెళ్లి మరియమ్మతో కలిసి కడుపునిండా అన్నం తిన్నాను. దేవునికే మహిమ!

మీలో ఎవరైనా ఒకరికి హాని చేసి, ఆ మాట ఎవరికీ చెప్పలేక దాన్ని తాగుడులోనో కోపంలోనో ముంచేస్తుంటే, యేసయ్య దగ్గరికి రండి, ఆయన తోసివేయడు. ఆయన దగ్గర ఏడ్చి లేచాక, ఆ మనిషి ఇంటికి వెళ్లండి. గుమ్మం దాకా ఆయనే మీతో నడిచి వస్తాడు.