గోదావరిలో పడని బదనిక

లైబ్రరీ పుస్తకంలో చదివినది నా వల్ల ఇంకొకరికి పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే. అందుకే రాసిపెడుతున్నాను.

రెండువేల ఆరు ఎండాకాలంలో, బూర్గంపాడు నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో ఒకామె, చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే బదనిక మొక్కను ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

"మా అమ్మ పెంచిన ఇప్పచెట్టును ఇదే తిని ఎండబెట్టింది సారూ. ఇంకో చెట్టుకు పట్టకుంట గోదాట్ల పడేస్త" అంది.

"చెట్టు రసం తాగే బదనిక వేరేనమ్మా. ఇది కొమ్మ మీద ఊరికే కూర్చుంటుంది. దీని వేళ్లకు గాలి, తడి చాలు."

"నువ్వు చూసినవా?"

"పుస్తకంలో చదివాను."

"పుస్తకంల చెట్టు ఎండుతదా ఏంది!" అని నవ్వింది.

బస్సు వంతెన ఎక్కింది. ఆమె మొక్కను కిటికీ బయటికి చాపింది. లావాటి వేళ్లకు బెరడు పెచ్చులు ఇంకా అంటుకుని ఉన్నాయి. వాటిని కాసేపు చూసింది.

"అవ్, చెట్టు లోపలికి పోలే. పైపైన్నే పట్టుకున్నది" అంటూ చేయి లోపలికి తీసుకుంది. "మన్నుల పెట్టాలెనా?"

"వద్దు, వేళ్లు కుళ్లిపోతాయి. కొయ్యకు కట్టి, పొద్దున నీళ్లు చల్లితే చాలు."

"అయితే మా అమ్మ చెట్టు మోడుకే కడత."

గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన లైబ్రేరియన్ రాములు గారికి, ఆమెకు కిటికీ సీటు ఇప్పించిన కండక్టర్ యాదగిరికి కృతజ్ఞతలు. ఆమె పేరు తెలిసి ఉంటే అదే ముందు రాసేవాణ్ణి.