గాలి రోజు మూసే కిటికీ

గాలి జోరందుకుంటే గాలిమరల కంట్రోల్ రూములో అందరి మొహాలూ వెలిగేవి, ఆపరేటరు బాబాయిది మాత్రం మాడిపోయేది. విసురుగా కిటికీ మూసి, కళ్లజోడు తుడుచుకుని ఫోను కోసం కాచుకునేవాడు. కరెంటు మోసే లైను నిండిపోయింది, పది మరలు ఆపమని గ్రిడ్ ఆఫీసు అమ్మాయి చెప్పేది. పన్నెండేళ్లుగా అదే వరస. “వండమంటారు, వడ్డించనివ్వరు” అని గొణుక్కుంటూ ఆపేవాడు.

ఇవాళ ఫోను మోగగానే అలవాటుకొద్దీ ముందు పదీ ఆపేసి, ఆ తర్వాతే ఎత్తాడు. “ఆపేశానమ్మా.” “ఎందుకాపారు బాబాయ్? కొత్త లైను ఇప్పుడే కలిపాం. ఎంతిస్తే అంత లాగుతుంది, అది చెబుదామనే చేశాను.” బాబాయి ఫోను పెట్టేశాడు. ఒక్కో మరనూ మళ్లీ తిప్పాడు. పదోది కూడా వేగం అందుకున్నాక లేచి, కిటికీ బార్లా తెరిచాడు. బల్లమీది కాగితాలన్నీ గదంతా ఎగిరాయి. ఒక్కటీ ఏరలేదు.